బ్రాంకోస్కోపీ బల్ల పక్కన మైక్రోస్కోపు పెట్టించండి: వైద్య ఆరోగ్య బాధ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య విభాగ ఉన్నతాధికారులకు, బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు, ఊపిరితిత్తుల వైద్యులకు, నా తోటి పాథాలజిస్టులకు,

నమస్కారం.

నేను గుంటూరులో పాథాలజిస్టును. ఊపిరితిత్తుల నుంచి సూదితోనో, బ్రష్‌తోనో, ఫోర్సెప్స్‌తోనో తీసి పంపిన నమూనాను మైక్రోస్కోపు కింద చూసి, అది క్యాన్సరా, టీబీయా, మరొకటా అని రాసి ఇవ్వడం నా వృత్తి. ఈ లేఖలో అడుగుతున్న విషయాన్ని ఇంతకుముందు మేము కొందరం రాతపూర్వకంగా విన్నవించుకున్నాం, సమావేశాల్లోనూ చెప్పాం. పరిశీలిస్తామన్న మాట వచ్చింది తప్ప పని జరగలేదు. అందువల్ల ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను. ఏ ఒక్క ఆసుపత్రినీ, ఏ వైద్యుణ్ణీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు.

అడుగుతున్నది ఒక్కటే. గుంటూరు, విజయవాడ ప్రాంతంలో బ్రాంకోస్కోపీ జరిగే ప్రతి ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఆ బల్ల పక్కనే ఒక మైక్రోస్కోపు, రంగుల సీసాలు, స్లైడు చూసి చెప్పగల మనిషి ఉండాలి. తీసిన నమూనాలో పనికొచ్చే కణాలు ఉన్నాయో లేవో రోగి ఇంకా బల్ల మీద ఉండగానే తేలిపోవాలి.

జనం గొట్టం పరీక్ష అని చెప్పుకునే బ్రాంకోస్కోపీలో ముక్కు ద్వారానో నోటి ద్వారానో సన్నని గొట్టాన్ని శ్వాసనాళాల్లోకి పంపుతారు. 1960లలో జపాన్ వైద్యుడు షిగెటో ఇకెడా వంగే బ్రాంకోస్కోపును తెచ్చిన తర్వాత ఈ పరీక్ష ఊపిరితిత్తుల లోపలి కొమ్మల దాకా వెళ్లగలిగింది. ఆ తర్వాత గొట్టం కొసన అల్ట్రాసౌండ్ అమర్చిన ఈబస్ వచ్చింది. దానితో శ్వాసనాళపు గోడ వెనక ఉన్న లింఫు గ్రంథులను తెర మీద చూస్తూనే వాటిలోకి సూది గుచ్చవచ్చు. అయితే సూది గ్రంథిలోకి దిగినంత మాత్రాన అందులోకి క్యాన్సర్ కణాలు వచ్చినట్టు కాదు. గ్రంథి మధ్యభాగం కుళ్లిపోయి ఉంటే నిర్జీవ పదార్థమే వస్తుంది. రక్తనాళం తగిలితే రక్తమే వస్తుంది. గోడను దాటేటప్పుడు శ్వాసనాళపు పొర కణాలే సూదిలో నిండిపోవడమూ మామూలే.

అలా తీసిన స్లైడు నా బల్ల మీదికి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో చెబుతాను. వరుసగా నిలబడిన శ్వాసనాళపు పొర కణాలు కనిపిస్తాయి, వాటి తల మీది సన్నని నూగు కూడా చెదరకుండా ఉంటుంది. వాటి పక్కన మసి రేణువులను మింగి నల్లబడిన మాక్రోఫేజ్ అనే రక్షక కణాలుంటాయి. మిగతా స్లైడంతా ఎర్ర రక్తకణాలే. ఆ రోగి సీటీ స్కాన్‌లో నిమ్మకాయంత గడ్డ స్పష్టంగా ఉంటుంది, స్లైడులో మాత్రం దాని జాడ ఉండదు. అప్పుడు నేను రాయగలిగింది ‘నమూనా నిర్ధారణకు సరిపోదు, మళ్లీ తీసి పంపగలరు’ అని మాత్రమే. నేను ఆ వాక్యం రాసే సమయానికి రోగి మాచర్లకో, రేపల్లెకో, తిరువూరుకో బస్సెక్కి వెళ్లిపోయి ఉంటాడు.

అదే స్లైడును బ్రాంకోస్కోపీ గదిలోనే చూస్తే పరిస్థితి మారిపోతుంది. సూదిలోంచి వచ్చిన చుక్కను గాజుపలక మీద పరిచి, గాలికి ఆరనిచ్చి, డిఫ్-క్విక్ అనే త్వరగా పట్టే రంగుల్లో ముంచి తీయడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. టోల్యుడిన్ బ్లూ అనే రంగు వాడితే ఇంకా త్వరగా అవుతుంది. రక్తం తప్ప ఏమీ లేదంటే బ్రాంకోస్కోపీ చేస్తున్న వైద్యుడు అప్పటికప్పుడే సూదిని మరో చోట గుచ్చుతాడు. క్యాన్సర్ కణాలు కనిపిస్తే, జన్యు పరీక్షలకు సరిపడేలా మరో రెండు మూడు సార్లు తీసి సెల్ బ్లాక్‌కు, అంటే కణాలను మైనపు దిమ్మలో భద్రపరచడానికి, దాస్తారు. టీబీని సూచించే గ్రాన్యులోమా అనే కణాల గుంపు కనిపిస్తే తర్వాత తీసిన నమూనాను సెలైన్‌లో వేసి, టీబీ క్రిమి జన్యువును పట్టే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకూ, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కూ పంపుతారు. లింఫు కణాల క్యాన్సర్ అయిన లింఫోమా అనుమానం వస్తే, కణాల రకాన్ని యంత్రంతో తేల్చే ఫ్లో సైటోమెట్రీకి వేరుగా పెడతారు. ఈ నిర్ణయాలన్నీ నమూనా తీస్తున్న ఆ కాసేపట్లోనే జరగాలి. అంతా కలిపి, కణజాలం చెడకుండా ఉంచినా క్రిములను చంపే ఫార్మలిన్ సీసాలో వేసేశాక అందులోంచి టీబీ క్రిమిని పెంచి చూపించడం ఎవరి తరమూ కాదు. నమూనాను తీసినచోటే వెంటనే చూసే ఈ పద్ధతిని వైద్యులు రోజ్ (ROSE, రాపిడ్ ఆన్-సైట్ ఎవాల్యుయేషన్) అని పిలుస్తారు. కొత్తదేమీ కాదు, దేశంలోని పెద్ద ఆసుపత్రులలో వాడుకలో ఉన్నదే.

ఇంతకంటే ముందుకు వెళ్లిన పద్ధతి కూడా వచ్చింది. కన్‌ఫోకల్ లేజర్ ఎండోమైక్రోస్కోపీ అనే ఈ విధానంలో రోగి రక్తంలోకి ఫ్లోరెసిన్ అనే రంగును ఎక్కించి, సూది లోపలినుంచే సన్నని కాంతి తీగను పంపి, గడ్డలోని కణాలను అవి ఉన్న చోటే తెర మీద చూస్తారు. కణాలను బయటికి తీయకముందే సూది సరైన చోట ఉందో లేదో తెలుస్తుంది. 2019లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు ఈ పద్ధతిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను గుర్తించడానికి మూడు ఆనవాళ్లను ప్రచురించారు: ఆకారం చెడి పెద్దవైన కణాలు, నల్లని ముద్దలు, ఒకే దిశగా కదిలే కణాల ప్రవాహం. పాథాలజిస్టుగా ఆ చిత్రాలు నాకు ఎంతో ఆశ కలిగించాయి. కానీ ఆ యంత్రం చాలా ఖరీదైనది, దాన్ని చదవడానికి ప్రత్యేక శిక్షణ కావాలి, రక్తనాళాలు ఎక్కువగా ఉన్న గడ్డల్లో చిత్రం మసకబారుతుంది, పైగా చివరి నిర్ధారణకు కణాలను ఎలాగూ తీయవలసిందే. కాబట్టి ఈ లేఖలో దాన్ని కొనమని అడగడం లేదు. ప్రతి వైద్య కళాశాలలోనూ ఇప్పటికే ఉన్న మామూలు మైక్రోస్కోపును బ్రాంకోస్కోపీ గదికి చేర్చమంటున్నాను.

ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు, అది న్యాయమైనదే. చండీగఢ్‌లోని వైద్య విద్య, పరిశోధన సంస్థ పీజీఐఎంఈఆర్ వైద్యులు 2018లో కొన్ని అధ్యయనాలను క్రోడీకరించి, రోజ్ వల్ల లింఫు గ్రంథుల నమూనాలలో మొత్తం నిర్ధారణ శాతం పెద్దగా పెరగలేదని తేల్చారు. ఆ మాట దాచి నా వాదన చెప్పుకోవడం సరికాదు. అదే క్రోడీకరణలో ఈబస్‌తో సూది గుచ్చే సంఖ్య తగ్గిందనీ, నిర్ధారణకు అదనంగా చేయవలసిన ప్రక్రియలు తగ్గాయనీ కూడా ఉంది. ఆ అధ్యయనాలలో ఎక్కువభాగం చేయితిరిగిన వైద్యులు, స్థిరపడిన లాబ్‌లు, మళ్లీ రమ్మంటే రాగలిగిన రోగులు ఉన్నచోట జరిగినవి. మన పరిస్థితి వేరు. ఇక్కడ బ్రాంకోస్కోపీ నేర్చుకుంటున్న పీజీ విద్యార్థులుంటారు, టీబీ, క్యాన్సర్ రెండూ ఒకే రకం నీడగా ఎక్స్‌రేలో కనిపిస్తాయి, రెండోసారి రాలేని రోగులే ఎక్కువ. నమూనా తీసిన రోజే తేల్చుకోవలసిన అవసరం అక్కడికన్నా ఇక్కడే ఎక్కువ.

ఇలా జరగనందువల్ల సామాన్యుల మీద పడుతున్న భారం ఏమిటో కింద రాస్తున్నాను.

1. క్యాన్సర్ రోగి టీబీ మందులు మింగుతూ నెలలు పోగొట్టుకుంటున్నాడు. ఇది నేను అన్నిటికన్నా ముందు చెప్పవలసిన విషయం. 2023లో ప్రపంచంలోని టీబీ కేసుల్లో 26 శాతం మన దేశానివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాబట్టి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ చూసిన వైద్యుడు ముందు టీబీని తలచుకోవడం తప్పు కాదు. మన ప్రాంతంలో దానికి ముందే ఇంకో ఆలస్యం జరిగిపోతుంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీకి, తొడిమలు తీసే ఆడకూలీకి, పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే వారికి దగ్గు వస్తే అది ఘాటు వల్లనో దుమ్ము వల్లనో వచ్చిందని ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ అనుకుంటారు. ఫిబ్రవరి నుంచి మే దాకా యార్డు నిండా సరుకు ఉన్న రోజుల్లో దగ్గని మనిషి ఎవరు? సీజను దాటాక నెమ్ము అని ఒకచోట మందులిస్తారు, తర్వాత టీబీ అని ఇంకోచోట. గళ్ల (కఫం) పరీక్షలో క్రిమి కనపడకపోయినా, బ్రాంకోస్కోపీ నమూనాలో ఏమీ తేలకపోయినా, అనుమానం మీద ఆరు నెలల కోర్సు మొదలవుతుంది. మొదటి రెండు నెలలు గడిచాక కూడా మచ్చ తగ్గకపోతే అప్పుడు మళ్లీ స్కాన్, మళ్లీ గొట్టం. ఈలోపు గడ్డ పక్క గ్రంథులకు, ఎముకలకు, మెదడుకు పాకే అవకాశం ఉంది. జీవితంలో చుట్ట, బీడీ ముట్టని ఆడవాళ్లు, కట్టెల పొయ్యి దగ్గర వండి వండి ఊపిరితిత్తులు చెడిన వాళ్లు, ఈ ఆలస్యానికి మరీ ఎక్కువగా బలవుతారు. పొగ తాగనివారికి క్యాన్సర్ ఎందుకొస్తుందని అనుమానమే రాదు.

2. ‘కనిపించలేదు’ అన్న మాటను ‘లేదు’ అని అర్థం చేసుకుంటున్నారు. తండ్రి రిపోర్టు పట్టుకుని లాబ్ కిటికీ దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి, అందులో ‘క్యాన్సర్ కణాలు కనిపించలేదు’ అన్న వరుస మీద వేలు పెట్టి, ‘అంటే నాన్నకు ఏమీ లేనట్టేనా మేడం?’ అని అడిగింది. ఆమె ముఖంలో తేలికదనం కనిపిస్తోంది. సరైన చోటి నుంచి కణాలే రాలేదని, మళ్లీ పరీక్ష చేయించాలని విడమరిచి చెప్పాను. కిటికీ దగ్గరికి రాకుండా నేరుగా ఊరెళ్లిపోయినవారికి ఈ మాట ఎవరు చెబుతారు? పరీక్షలో క్యాన్సర్ లేదని తేలిందని బంధువులకు చెప్పుకుని, మిగిలిన మందులు ఆపేసి కూర్చునేవారు ఉంటారు.

3. రెండోసారి గొట్టం వేయించుకోవడానికి రోగి రాడు. మొదటిసారి గొంతులో మందు కొట్టించుకుని, దగ్గుతో ఉక్కిరిబిక్కిరై, ఉదయం నుంచి ఏమీ తినకుండా వరండాలో కూర్చున్న అనుభవం మరిచిపోలేదు. పరీక్ష రోజు తనకు కూలి పోతుంది, వెంట వచ్చిన కొడుకుకో కూతురికో కూడా పోతుంది, పైన బస్సు చార్జీలు. వీటన్నిటికీ మించి ‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది’ అన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది. ఒకసారి తీశారు, ఏమీ తేలలేదు, మళ్లీ తీస్తామంటున్నారంటే ఆ భయం రెట్టింపవుతుంది. ఇంట్లో పెద్దలు వద్దంటారు. ఆ మనిషి మళ్లీ ఆసుపత్రికి వచ్చేది రక్తం కక్కుకున్నప్పుడో, ఆయాసంతో పడుకోలేనప్పుడో.

4. మాత్రతో అదుపు చేయగల క్యాన్సర్‌ను గుర్తించలేకపోతున్నాం. మన దేశంలో అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులలో దాదాపు నాలుగో వంతు మందికి, కొన్ని అధ్యయనాలలో అంతకన్నా ఎక్కువ మందికి, ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంటుంది. వారికి రోజూ ఇంట్లో వేసుకునే మాత్రలతో చికిత్స చేయవచ్చు. ఆ పరీక్షకు కణజాలం తగినంత కావాలి. ‘క్యాన్సర్ ఉంది, జన్యు పరీక్షకు మిగలలేదు’ అని రాయవలసి వచ్చినప్పుడు నా చేయి ఆగిపోతుంది.

5. ఆసుపత్రికీ నష్టమే. అదే రోగికి రెండోసారి చేసే ప్రతి బ్రాంకోస్కోపీ, వరుసలో ఎదురుచూస్తున్న మరొకరి వంతును వెనక్కి నెడుతుంది.

అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో 81 వేల మందికి పైగా కొత్తగా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది, ఆ ఏడాదే సుమారు 75 వేల మంది దానితో చనిపోయారు. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండడానికి వ్యాధి స్వభావం ఒక కారణమైతే, చాలామంది మూడో, నాలుగో దశలో రావడం మరొక కారణం. దేశపు పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరులో, పొగాకు పండించి, ఆరబెట్టి, అమ్మి బతికిన కుటుంబాల మధ్య ఈ జబ్బును సకాలంలో పట్టుకునే ఏర్పాటు మెరుగ్గా ఉండాలని అడగడం అత్యాశ అనిపించుకోదు.

అందువల్ల మేము కోరుతున్నవి ఇవి.

1. బ్రాంకోస్కోపీ జరిగే గదిలో గానీ దాని పక్క గదిలో గానీ మైక్రోస్కోపు, త్వరగా వేసే రంగులు, స్లైడ్లు ఆరబెట్టే బల్ల ఏర్పాటు చేయాలి. ఈబస్ యంత్రానికి పెట్టే డబ్బుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాని ఖర్చు, ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులతోనే జరిగిపోతుంది. టీబీ నమూనాలు కూడా వచ్చే చోటు కనుక గాలి ఆడే ఏర్పాటు, సిబ్బందికి ఎన్95 మాస్కులు తప్పనిసరి.

2. బ్రాంకోస్కోపీ రోజులను ఊపిరితిత్తుల విభాగం ఒక్కటే నిర్ణయించుకోకుండా పాథాలజీ విభాగంతో కలిసి నిర్ణయించాలి. ఆ రోజుల్లో పాథాలజిస్టో, ఎండీ పాథాలజీ విద్యార్థో, శిక్షణ పొందిన సైటాలజీ టెక్నీషియనో అక్కడ ఉండేలా డ్యూటీ వేయాలి. అది వారి పనిగంటల్లో లెక్కకు రావాలి. ఇప్పటికే స్లైడ్ల కుప్పల మధ్య కూర్చున్నవారి మీద మరో పని రుద్దితే నెలలోపే ఆగిపోతుంది.

3. పాథాలజిస్టు రాలేని చోట మైక్రోస్కోపుకు కెమెరా అమర్చి, దూరంగా ఉన్న పాథాలజిస్టు తెర మీద చూసి చెప్పేలా చేయాలి. నమూనా సరిపోతుందా లేదా అన్నంతవరకు ఊపిరితిత్తుల వైద్యులకు కూడా శిక్షణ ఇవ్వవచ్చు, తుది రిపోర్టు మాత్రం పాథాలజిస్టుదే.

4. సూది గుచ్చకముందే సెలైన్ సీసా, ఫార్మలిన్ సీసా, స్లైడ్లు విడివిడిగా సిద్ధంగా ఉంచాలనీ, ఏది కనిపిస్తే ఏ సీసాలో వేయాలో రాసిన కాగితం ఆ గది గోడ మీద ఉండాలనీ ఆదేశం ఇవ్వాలి. ఇది రేపే చేయగల పని, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

5. ‘నమూనా సరిపోదు’, ‘క్యాన్సర్ కణాలు కనిపించలేదు’ అన్నవి రెండు వేర్వేరు ఫలితాలుగా రిపోర్టులో ఉండాలి. రెండింటికీ తెలుగులో ఒక చీటీ జతచేసి, తర్వాత ఏం చేయాలో, ఎప్పుడు రావాలో రోగికి రాసివ్వాలి. నమూనా సరిపోని ప్రతి రోగికీ ఆసుపత్రి నుంచే ఫోను వెళ్లాలి.

6. క్రిమి నిర్ధారణ లేకుండా టీబీ మందులు మొదలుపెట్టిన, నలభై ఏళ్లు దాటిన ప్రతి రోగికీ రెండు నెలల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీసి, మచ్చ తగ్గకపోతే సీటీకి, బ్రాంకోస్కోపీకి పంపే నియమం పెట్టాలి.

7. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో నిర్ధారణ దశకయ్యే ఖర్చును, బల్ల పక్కన చూసే ఈ పరీక్షతో సహా, విడిగా పేర్కొని ఆసుపత్రులకు చెల్లించాలి.

8. ఎన్ని బ్రాంకోస్కోపీలు చేశారు, ఎన్నింటిలో నమూనా సరిపోలేదు, ఎంతమందికి మళ్లీ చేయవలసి వచ్చింది, వారిలో ఎంతమంది మళ్లీ రాలేదు అన్న అంకెలను ప్రతి బోధనాసుపత్రి ఏటా ప్రకటించాలి. కన్‌ఫోకల్ లాంటి కొత్త పద్ధతులను మంగళగిరి ఎయిమ్స్ వంటి సంస్థలు పరిశోధనగా చేపట్టి, మన రోగుల్లో, అంటే టీబీ కూడా విరివిగా ఉన్నచోట, అవి ఎంతవరకు పనికొస్తాయో చెప్పగలిగితే మంచిది. ఆ పని మొదటి ఏడు కోరికలకు అడ్డు రాకూడదు.

నా తోటి పాథాలజిస్టులతో ఒక మాట. లాబ్‌లో మన కుర్చీ వదిలి బ్రాంకోస్కోపీ గదిలో నిలబడి ఎదురుచూడడం ఇబ్బందేనని నాకు తెలుసు. అయినా ‘మళ్లీ పంపగలరు’ అని మనం రాసే ప్రతిసారీ ఆ మాట వెనక ఒక మనిషి రెండోసారి అదే బాధ పడవలసి ఉంటుంది. మన పని లాబ్ గడప దాటి బ్రాంకోస్కోపీ గదిలోకి రావాలి. ఊపిరితిత్తుల వైద్యులు కూడా మమ్మల్ని నమూనా తీశాక గుర్తుచేసుకునే బదులు, తీయబోయే రోజు ముందే పిలవాలని కోరుతున్నాను.

పై ఎనిమిది కోరికలలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి కావో, కాకపోతే ఎందుకు కావో, ఒప్పుకున్నవి ఏ తేదీలోగా అమలు చేస్తారో నెల రోజుల్లో రాతపూర్వకంగా, ప్రజలందరికీ తెలిసేలా జవాబివ్వవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. శిక్షణ ఇవ్వడానికీ, మొదటి నెలల్లో స్లైడ్లు చూడడానికీ నేనూ, ఈ విన్నపంలో నాతో కలిసిన మరికొందరు పాథాలజిస్టులూ ఏ ప్రతిఫలమూ లేకుండా సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పాథాలజిస్టు,
గుంటూరు